శర్మీలా, శర్మిందా: బిడియానికి హిందీలో తగిన మాట ఏది?

అమ్మా, మీ ప్రశ్న చదివాను. గాజువాకలో మీరుండే అపార్ట్‌మెంటులోకి ఉత్తరాది నుంచి బదిలీ మీద వచ్చిన నేవీ కుటుంబం దిగిందనీ, ఆ ఇంటావిడ పలకరించడానికి వస్తే ఎనిమిదేళ్ల మీ అబ్బాయి మీ కొంగు చాటుకు పోయాడనీ, మీరు నవ్వుతూ ‘మేరా బేటా బహుత్ శర్మిందా హై’ అన్నారనీ రాశారు. ఆవిడ ముఖం మారిపోయి ‘క్యోఁ, క్యా హో గయా?’ (ఎందుకు, ఏమైంది?) అని అడిగారట. అదే వారం బాబు ఇంగ్లీషు పాఠంలో ‘బాష్‌ఫుల్’ అనే మాట వచ్చిందనీ, హిందీ అర్థం కోసం నిఘంటువు తీస్తే శర్మీలా, లజీలా, సంకోచీ, ఝేంపూ, లజ్జాశీల్ అని అయిదు కనబడ్డాయనీ, ఏది ఎక్కడ వాడాలో చెప్పమనీ అడిగారు.

జవాబు ముందు ఇస్తాను, వివరం తర్వాత. మీరు అనవలసింది ‘మేరా బేటా థోడా శర్మీలా హై’. మీరన్న ‘శర్మిందా’కు అర్థం, జరిగిన తప్పుకు సిగ్గుతో తల దించుకున్నవాడు అని. కాబట్టి ఆవిడ చెవికి ‘మా అబ్బాయి తను చేసిన పనికి చాలా సిగ్గుపడుతున్నాడు’ అని వినబడింది. పసివాడు ఏం చేశాడో ఏమోనని కంగారుపడ్డారు. ‘బాష్‌ఫుల్’కు మామూలు వాడుకలో సరిపోయే హిందీ మాట శర్మీలా. అమ్మాయి అయితే శర్మీలీ. నిఘంటువు చెప్పిన మిగిలిన నాలుగూ తప్పులు కావు. కాకపోతే వాటిలో ప్రతిదానికీ తనదైన చోటు ఉంది.

నేను విశాఖలో ముప్పై ఒక్క ఏళ్లు హిందీ చెప్పాను. పగలు బడిలో, సాయంత్రాలు దక్షిణ భారత హిందీ ప్రచార సభ పరీక్షలకు ప్రాథమిక్ నుంచి ప్రవీణ దాకా, తర్వాతి కాలంలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు ప్రబోధ్, ప్రవీణ్, ప్రాజ్ఞ తరగతులు. ఆరో తరగతి పిల్లల నోటా, పదవీ విరమణకు రెండేళ్లున్న ఉద్యోగుల నోటా ఒకే తీరుగా విన్న తప్పు ఏదైనా ఉందంటే ఇదే. అందుకని మీరు నొచ్చుకోవద్దు. ఇది హిందీ రాకపోవడం వల్ల వచ్చే తప్పు కాదు, తెలుగు మనసులో బలంగా ఉండడం వల్ల వచ్చేది.

పెళ్లిచూపుల్లో అమ్మాయి తల వంచుకుంటే సిగ్గుపడిందంటాం. అప్పు ఎగ్గొట్టి ఎదురుగా దర్జాగా తిరిగేవాణ్ని చూసి సిగ్గు లేదా అంటాం. మొదటిది ముచ్చట, రెండోది తిట్టు. మాట మాత్రం ఒకటే. సందర్భమే అర్థాన్ని తేలుస్తుంది కాబట్టి మనకు ఏ ఇబ్బందీ లేదు. ఫార్సీ నుంచి హిందీకి వచ్చిన ‘శర్మ్’ కూడా అచ్చం ఇలాంటిదే. కొత్త పెళ్లికూతురికి ఉండేదీ శర్మే, లంచగొండికి లేనిదీ శర్మే. అయితే ఆ మాటకు తోక తగిలించగానే దారులు చీలిపోతాయి. తెలుగులో సందర్భం చేసే పనిని హిందీలో చాలావరకు ప్రత్యయం చేస్తుంది. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే సగం చిక్కు విడిపోతుంది.

‘ఈలా’ చేరితే స్వభావం. రంగ్ నిండినది రంగీలా, చమక్ (మెరుపు) ఉన్నది చమ్‌కీలా, జహర్ (విషం) ఉన్నది జహరీలా, రస్ ఉన్నది రసీలా. అలాగే శర్మ్ స్వభావంలోనే ఉన్నవాడు శర్మీలా. ఫార్సీ మాటకు మన దేశపు ప్రత్యయం అంటుకట్టారు. మొహమాటం అనే తెలుగు మాటకు సంస్కృతపు తోక తగిలించి మొహమాటస్థుడు అని మనం చేసుకోలేదా, ఇదీ అలాంటిదే. శర్మిందా అలా పుట్టలేదు. తోకతో సహా ఫార్సీ నుంచే వచ్చింది. అది స్వభావాన్ని చెప్పదు, ఒక స్థితిని చెబుతుంది. తప్పు జరిగాక, నలుగురిలో మాట పడ్డాక మనిషి ఉండే స్థితి అది. ‘మైఁ అప్‌నీ బాత్ పర్ శర్మిందా హూఁ’ అంటే అన్న మాటకు సిగ్గుపడుతున్నాను, మన్నించండి అని. ఇక ‘నాక్’ చేరి శర్మ్‌నాక్ అయితే అది మనిషిని వదిలి పనికో సంఘటనకో అంటుకుంటుంది. మన జట్టు క్రికెట్‌లో చిత్తుగా ఓడితే హిందీ పత్రికలు ‘శర్మ్‌నాక్ హార్’ అని రాసేది అందుకే. ముందు ‘బే’ చేరితే బేశర్మ్, అంటే సిగ్గులేనివాడు. దాని సంగతి చెప్పనక్కరలేదు.

నామవాచకాలు కూడా ఇదే దారిలో చీలాయి. శర్మీలాపన్ అంటే బిడియం. శర్మిందగీ అంటే తలవంపు. పరీక్షలో ‘బాష్‌ఫుల్‌నెస్’కు హిందీ రాయమంటే శర్మీలాపన్ అని రాయాలి.

అయితే శర్మిందా ఎప్పుడూ చెడ్డ మాటే అనుకోకండి. మీరు పొరుగావిడకు అరిసెలు పెట్టి, పిల్లలకు బట్టలు పెట్టి, ఇంకా ఏదో ఇవ్వబోతే ఆవిడ ‘అరే, ఆప్ తో ముఝే శర్మిందా కర్ రహీ హైఁ’ అనవచ్చు. మీరు చూపిస్తున్న ఆదరానికి నేను తగను అని చెప్పే మర్యాద అది. అప్పుడు మీరు కంగారుపడనవసరం లేదు.

ఇప్పుడు ‘బాష్‌ఫుల్’ సంగతి. ఇంగ్లీషులో ‘అబాష్’ అనే క్రియ ఉంది. మనిషిని కలవరపెట్టడం, తత్తరపాటుకు గురిచేయడం దాని అర్థం. పాత ఫ్రెంచి నుంచి వచ్చింది. ముందున్న అకారం రాలిపోయి, చివర ‘ఫుల్’ చేరి 16వ శతాబ్దంలో బాష్‌ఫుల్ అయింది. అంటే దాని పుట్టుకలోనే తత్తరపాటు ఉంది. ఎవరో చూశారు, ఏదో అడిగారు, లోపల ఒక కలకలం రేగింది, ముఖం ఎర్రబడింది, చూపు నేలకు దిగింది. అలా బయటికి కనబడే సిగ్గు బాష్‌ఫుల్. అందుకే దాన్ని ఎక్కువగా పిల్లల గురించి, పడుచువాళ్ల గురించి వాడతారు. ఆ మాటలో కొంచెం ముద్దు కూడా ఉంటుంది.

‘షై’ అంతకంటే విశాలం. పాత ఇంగ్లీషులో దానికి ఇట్టే బెదిరేది అని అర్థం. గుర్రం ఏదో చూసి ఉలిక్కిపడి పక్కకు గెంతితే ఇంగ్లీషువాళ్లు ఇప్పటికీ షై అనే క్రియే వాడతారు. మన బెదురుగొడ్డు గుర్తుకు వస్తుంది కదా. బయటికి ఏమీ కనబడకపోయినా మనిషి షై కావచ్చు. బాష్‌ఫుల్ మాత్రం చూసేవాళ్లకు తెలిసిపోతుంది. హిందీ ఈ రెండింటినీ విడదీయదు, రెంటికీ శర్మీలా అంటుంది. ‘కోయ్’ వేరు. లాటిన్‌లో నిశ్శబ్దాన్ని చెప్పే మాట నుంచి వచ్చినా, ఇప్పుడు దానిలో కొంత నటన కలిసింది. ఇష్టం ఉండి కూడా లేనట్టు ముడుచుకోవడం అది. హిందీలో ఆ నటనను విడిగా చెప్పాలి, ‘శర్మానే కా నాటక్ కర్ రహీ హై’ అని. ‘డిఫిడెంట్’కు మూలం తన మీద తనకు నమ్మకం చాలకపోవడం. దానికి ‘ఆత్మవిశ్వాస్ కీ కమీ’ అంటేనే న్యాయం. ‘టిమిడ్’ అంటే భయస్థుడు, హిందీలో డర్‌పోక్, కాస్త సాహిత్యంగా భీరు. పిల్లవాణ్ని శర్మీలా అనడానికీ డర్‌పోక్ అనడానికీ మధ్య ఎంత దూరముందో మీకు చెప్పనక్కరలేదు.

లజీలా, లజ్జాశీల్ రెండూ సంస్కృతపు లజ్జ పిల్లలే. లజ్జ ప్రాకృతాల గుండా అరిగి లాజ్ అయింది, దానికి ‘ఈలా’ చేరి లజీలా. కవితల్లో, పాటల్లో, పెళ్లికూతురి వర్ణనలో ఇది అందంగా ఉంటుంది. రోజువారీ మాటల్లో తక్కువ. లజ్జాశీల్ పుస్తకాల మాట, ఇంట్లో ఎవరూ అనరు. క్రియగా లజానా మాత్రం తూర్పు ఉత్తరప్రదేశ్, బిహార్ వైపు బాగా జీవించి ఉంది. మీ పొరుగువారు ఆ వైపు వారైతే పిల్లవాణ్ని చూసి ‘లజా రహా హై’ అనవచ్చు. ఢిల్లీ వైపు వారైతే ‘శర్మా రహా హై’ అంటారు. లాజ్‌కు ఇంకొక లోతు ఉంది, అది పరువు. ‘ఆప్‌నే మేరీ లాజ్ రఖ్ లీ’ అంటే నా పరువు నిలబెట్టారని. అక్కడ బిడియం లేనే లేదు.

ఈ కుటుంబంలోనే ఒక ప్రమాదకరమైన మాట ఉంది, లజ్జిత్. తెలుగులో లజ్జ ఉంది కాబట్టి మనకు చుట్టంలా కనిపిస్తుంది. నిజానికి అది శర్మిందాకు సంస్కృతపు జోడీ. నా సాయంత్రం తరగతికి వచ్చే ఒక అప్రెంటిస్ కుర్రవాడు ఉద్యోగపు ఇంటర్వ్యూకు వెళ్లాడు. అడిగేవాళ్లు ఉత్తరాది వారు. నీ గురించి చెప్పమంటే, తాను కాస్త బిడియస్థుణ్నని చెప్పాలనుకుని ‘మైఁ బహుత్ లజ్జిత్ హూఁ’ అన్నాడు. ‘కిస్ బాత్ పర్?’ అని అడిగారు. ఏ విషయానికి సిగ్గుపడుతున్నావు అని. ఆ కుర్రవాడు జవాబు తోచక నిలబడిపోయాడు. మర్నాడు వచ్చి తరగతిలో చివరి బల్ల మీద కూర్చున్నాడు. ఆ తేడా అతనికి ముందే చెప్పవలసిన బాధ్యత నాదే. ఆ రోజు నుంచి శర్మీలా పక్కన శర్మిందా, సంకోచీ పక్కన లజ్జిత్ రాసి, నాలుగు మాటలూ ఒకే పాఠంలో చెప్పడం మొదలుపెట్టాను.

ఆ కుర్రవాడు చెప్పవలసిన మాట సంకోచీ. ‘మైఁ థోడా సంకోచీ స్వభావ్ కా హూఁ’ అని ఉంటే సరిగ్గా అమరేది. నాకు ఈ కుటుంబం మొత్తంలో ఎక్కువ ఇష్టమైన మాట సంకోచ్. మూలార్థం ముడుచుకోవడం. బడిలో సైన్సు పాఠంలో లోహాలు వేడికి వ్యాకోచిస్తాయి, చల్లబడితే సంకోచిస్తాయి అని చదువుకున్నాం. ఉక్కు కర్మాగారం ఉన్న ఊళ్లో పెరిగే పిల్లలకు ఈ మాట ఇనుము ద్వారానే ముందు పరిచయమవుతుంది. ఇనుము చేసే ఆ పనే మనసు చేస్తే బిడియం. హిందీలో దాని నుంచి సకుచానా అనే చక్కటి క్రియ పుట్టింది, లోపలికి ముడుచుకుపోవడం అని. శర్మీలాలో ముఖం కనిపిస్తుంది, సంకోచ్‌లో వెనక్కి తగ్గిన చెయ్యి కనిపిస్తుంది. అడగాలని ఉండి అడగలేకపోవడం, తినాలని ఉండి పళ్లెం ముందుకు జరపలేకపోవడం. యాభై ఏళ్ల పెద్దమనిషిని శర్మీలే అంటే తప్పు లేదు కానీ, ‘వే సంకోచీ స్వభావ్ కే హైఁ’ అంటే గౌరవంగా ఉంటుంది. మనం ‘సంకోచించకుండా అడగండి’ అంటాం. వాళ్లు ‘నిఃసంకోచ్ పూఛియే’ అంటారు. ఇంత దగ్గరగా ఉన్న మాటను మన పిల్లలు వదిలేసి శర్మ్ వెంట పడతారు, అదే నాకు వింతగా ఉంటుంది.

దీనికి చెల్లెళ్ల వంటివి ఝిఝక్, హిచక్. ఇవి స్వభావాలు కావు, క్షణాలు. మాట మొదలుపెట్టే ముందు కలిగే జంకు ఝిఝక్. హిచక్‌లో మాట గొంతు దాకా వచ్చి ఎక్కిళ్లలా ఆగుతుంది. తొలిసారి హిందీలో మాట్లాడబోయే తెలుగువాడికి ఉండేది ఝిఝక్, శర్మ్ కాదు. అది పోయాక ‘బేఝిఝక్ బోల్‌తా హై’ అంటారు.

ఝేంపూ గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే దీనికి తెలుగులో ఒక్క మాటలో సమానం లేదు. గాజువాక బస్సులో ముందు సీట్లో ఉన్నది మీ చిన్ననాటి స్నేహితురాలే అనుకుని భుజం తట్టారు. ఆవిడ తిరిగి చూసింది, ఎవరో తెలియని మనిషి. ఆ క్షణంలో మీ ముఖం మీద వచ్చే భావమే ఝేంప్. అది తప్పు కాదు, పాపం కాదు, కానీ ముఖం చెల్లదు. నాలుక కరుచుకోవడం దానికి దగ్గరగా వస్తుంది, అయినా అది మాట జారినప్పటి సంగతి. ఇలాంటప్పుడు మనిషి ఊరికే నవ్వుతాడు, దగ్గుతాడు, ఫోను తీసి చూస్తాడు. హిందీవాళ్లు దానికి కూడా పేరు పెట్టారు, ‘ఝేంప్ మిటానా’, అంటే ఆ తత్తరపాటును తుడిచేసుకోవడం. మాటిమాటికీ ఇలా అయ్యేవాడు ఝేంపూ. ఇందులో వెక్కిరింత ఉంది. బడిలో తోటి పిల్లలు అనే మాట. నిఘంటువులో ఉంది కదా అని మీ అబ్బాయికి వాడకండి, వేరేవాళ్ల అబ్బాయికి అసలు వాడకండి.

మాటల నుంచి కాస్త పక్కకు వెళతాను. వానలు పడ్డాక సింహాచలం కొండ దారిలోనో కైలాసగిరి వాలులోనో నేలను అంటుకుని, గులాబి రంగు గుండ్రటి పూలతో అత్తిపత్తి కనిపిస్తుంది. ముట్టుకుంటే ఆకు ముడుచుకుంటుంది. ఆకు మొదట్లో ఉబ్బుగా ఉన్న కణుపులోని కణాల నుంచి నీరు పక్కకు తప్పుకోవడం వల్ల అలా అవుతుంది. సంస్కృతంలో దాన్ని లజ్జాలు అన్నారు. హిందీలో లాజవంతీ, ఛుయీముయీ. 1753లో లిన్నేయస్ దానికి మైమోసా పుడికా అని పేరు పెట్టాడు, పుడికా అంటే లాటిన్‌లో సిగ్గరి. అమెరికా ఖండపు ఉష్ణ ప్రాంతాల నుంచి వచ్చిన మొక్క అది. ఎక్కడెక్కడి జనమూ దాన్ని చూసి ఒకే మాట అనుకున్నారు. ఇట్టే నొచ్చుకునే సుకుమారమైన మనిషిని హిందీలో ఛుయీముయీ అంటారు. ‘తుమ్ తో ఛుయీముయీ హో’ అంటే మాట తాకితేనే ముడుచుకుపోతావని.

దీనికి ఎదురుగా ఇంకొక మొక్క ఉంది. చెరువు గట్ల మీద, మురుగు కాలువల పక్కన పొదలుగా పెరిగి, లేత ఊదారంగు గంట పూలు పూస్తుంది. కొమ్మ నరికి పారేస్తే పడ్డచోటే వేరు పడుతుంది. పీకితే మళ్లీ వస్తుంది. మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్ వైపు దాని పేరు బేశరమ్. ఉత్తరప్రదేశ్, బిహార్ పల్లెల్లో బేహయా. హయా అరబ్బీ నుంచి వచ్చిన మాట, శర్మ్‌తో జంటగా తిరుగుతుంది. ఈ మొక్కా అమెరికా ఖండం నుంచే వచ్చింది. తరగతిలో రెండు మొక్కల బొమ్మలూ పక్కపక్కన గీసి లాజ్ వైపు మాటలు ఒకదాని కింద, బేశర్మ్ వైపు మాటలు రెండోదాని కింద రాయించేవాణ్ని. ఏళ్ల తర్వాత కనిపించిన శిష్యులు వ్యాకరణం మరిచిపోయినా ఆ బొమ్మలు మరిచిపోలేదు.

మీరు అడగకపోయినా మొహమాటం గురించి చెప్పాలి. ఈ పొరుగింటితో మీకు రోజూ పనికివచ్చేది అదే. మొహమాటం సిగ్గు కాదు, బిడియమూ కాదు. ఎదుటి మనిషి ముఖం చూసి కాదనలేకపోవడం. ఇంగ్లీషులో దానికి మాట లేదు. హిందీలో ఉంది, మురవ్వత్. ‘మురవ్వత్ మేఁ హాఁ కహ్ దియా’ అంటే మొహమాటానికి ఒప్పుకున్నాను అనే. లిహాజ్ కూడా దగ్గరిదే, అందులో పెద్దల పట్ల గౌరవం ఎక్కువ. అయితే భోజనం దగ్గర మొహమాటపడకండి అనడానికి ఈ రెండూ పనికిరావు. అక్కడ ‘శర్మాయియే మత్, ఔర్ లీజియే’ అనాలి. ‘సంకోచ్ మత్ కీజియే’ అన్నా బాగుంటుంది, లక్నో మర్యాదలో ‘తకల్లుఫ్ మత్ కీజియే’ అంటారు. సంస్కృతంలో ‘ఆహారే వ్యవహారే చ త్యక్తలజ్జః సుఖీ భవేత్’ అని ఉంది. దాన్ని మన పెద్దలు తెలుగులో చెప్పేటప్పుడు సిగ్గు అనలేదు, ఆహారం దగ్గర, వ్యవహారం దగ్గర మొహమాటం పనికిరాదు అన్నారు. ఆ లజ్జ ఏ రకం లజ్జో వాళ్లకు ఎంత కచ్చితంగా తెలుసో చూడండి. హిందీవాళ్ల సామెత ఇంకా కరుకుగా ఉంటుంది: ‘జిస్‌నే కీ శరమ్, ఉస్‌కే ఫూటే కరమ్’. మొహమాటపడ్డవాడి అదృష్టం పగిలిందని.

వ్యాకరణంలో రెండే సంగతులు చాలు. తెలుగులో నాకు సిగ్గు వేస్తోంది అంటాం, నేను అనం. హిందీలో కూడా ‘ముఝే శర్మ్ ఆ రహీ హై’. సిగ్గు మన దగ్గరికి వస్తుంది, మనం తెచ్చుకోం. ఈ పోలిక ఉంది కాబట్టి వాక్యం కట్టడం మనకు తేలిక. రెండోది లింగం. శర్మ్, లాజ్, లజ్జా, హయా, ఝిఝక్, హిచక్, ఝేంప్, మురవ్వత్ అన్నీ స్త్రీలింగాలే. సంకోచ్, లిహాజ్, తకల్లుఫ్ మాత్రం పుంలింగాలు. కాబట్టి ‘శర్మ్ ఆతీ హై’, కానీ ‘సంకోచ్ హోతా హై’. మనవాళ్లు అన్నిటికీ ‘ఆతా హై’ అనేస్తారు. శర్మీలా మనిషిని బట్టి మారుతుంది: శర్మీలా, శర్మీలీ, శర్మీలే. శర్మిందా ఎవరికైనా ఒక్కటే, మారదు.

ఉచ్చారణలో ఒక జాగ్రత్త. శర్మ్ చివర అచ్చు ఉండదు. తెలుగు నోటికి హల్లుతో ఆగడం కష్టం కాబట్టి ‘శర్మ’ అనేస్తాం. అప్పుడు అది ఇంటిపేరులా వినబడుతుంది. శర్మగారి పేరులోని శర్మ సంస్కృతం, సుఖం, రక్షణ అని అర్థం. ఫార్సీ శర్మ్‌తో దానికి ఏ చుట్టరికమూ లేదు. హల్లుతో ఆగడం రాకపోతే మధ్యలో అచ్చు పెట్టి ‘శరమ్’ అనండి, హిందీవాళ్లు కూడా మాటల్లో అలాగే అంటారు.

ఇప్పుడు మీ అబ్బాయి దగ్గరికి వస్తాను. ఈ సమాధానం ఇంత పొడుగ్గా రాయడానికి అసలు కారణం అదే. చిన్నపిల్లలు కొత్తవాళ్లను చూసి దాక్కుంటే మన ఇళ్లలో ‘వాడికి కొత్త అండీ’ అంటాం. ఎంత మంచి మాట అది. లోపం పిల్లవాడిలో లేదు, వచ్చిన మనిషి కొత్త, అంతే. రెండు రోజులు పోతే కొత్త పోతుంది. ఇంగ్లీషు బాష్‌ఫుల్, హిందీ శర్మీలా అలా కాదు, రెండూ పిల్లవాడి మీద అతుక్కునే విశేషణాలు. ‘శర్మీలా హై’ అని ప్రతి ఇంటి గుమ్మంలో, వాడు వింటుండగా చెబితే, తన పేరుతో పాటు వాడు దాన్ని కూడా మోస్తాడు. హిందీ మీకు మరో దారి ఇస్తోంది, అది శర్మానా అనే క్రియ. ‘అభీ శర్మా రహా హై’ అంటే ఇప్పుడు సిగ్గుపడుతున్నాడు. అందులో ‘అభీ’ ఉంది, ‘రహా’ ఉంది. కాసేపటికి మారిపోయే పని అది. మన ‘కొత్త’కు హిందీలో ఇంతకంటే దగ్గరి మాట నాకు కనబడలేదు. నాకు పాఠం చెప్పే అవకాశం మళ్లీ వస్తే విశేషణం తర్వాత చెప్పి, క్రియ ముందు చెబుతాను.

కాబట్టి రేపు పొరుగావిడ లిఫ్టు దగ్గర కనబడితే ఇలా అనండి: ‘ఉస్ దిన్ మైఁనే గలత్ శబ్ద్ బోల్ దియా థా. మేరా బేటా శర్మిందా నహీఁ థా, బస్ శర్మా రహా థా.’ ఆ రోజు తప్పు మాట అన్నాను, మా అబ్బాయి తప్పు చేసి తలవంచుకోలేదు, ఊరికే సిగ్గుపడ్డాడు అని. ఆవిడ నవ్వుతారు, మీరూ నవ్వండి. బాబును ముందుకు తోయకండి, ‘నమస్తే బోలో’ అని పట్టుపట్టకండి. ఆవిడ పిల్లలుంటే సాయంత్రం వాళ్లు కింద ఆడుకునే వేళకు వాణ్ని కూడా తీసుకువెళ్లండి. పిల్లల మధ్య హిందీ మనకంటే వేగంగా వస్తుంది.

ఇక ఇంగ్లీషు నోటుపుస్తకంలో బాష్‌ఫుల్ పక్కన హిందీలో శర్మీలా అనీ, తెలుగులో బిడియస్థుడు అనీ రాయించండి. సొంత వాక్యం అడిగితే ఇది రాయవచ్చు: ‘నయే లోగోఁ కే సామ్‌నే రాజూ శర్మా జాతా హై, పర్ దోస్తోఁ కే సాథ్ ఖూబ్ బాతేఁ కర్‌తా హై.’ కొత్తవాళ్ల ముందు రాజు సిగ్గుపడతాడు, స్నేహితులతో మాత్రం బాగా కబుర్లు చెబుతాడు అని అర్థం. రాజూ బదులు తన పేరు పెట్టుకోవాలో వద్దో వాడికే వదిలేయండి.